బల్లకు ఇవతలి పాఠకుడు: జర్మనీ పౌర గ్రంథాలయాల చరిత్ర

జర్మనీలో ఏటా అక్టోబర్ 24ను గ్రంథాలయ దినంగా పాటిస్తారు. ఈ ఆనవాయితీ 1995లో మొదలైంది. తేదీ మాత్రం చాలా పాతది. 1828లో అదే రోజున సాక్సనీ రాజ్యంలోని గ్రోసెన్‌హైన్ అనే చిన్న పట్టణంలో, కార్ల్ బెన్యమిన్ ప్రోయిస్కర్ అనే రెవెన్యూ అధికారి, వైద్యుడైన తన మిత్రుడితో కలిసి ఒక పాఠశాల గ్రంథాలయాన్ని ప్రారంభించాడు. నాలుగేళ్లకు అది పట్టణ గ్రంథాలయంగా మారింది. జర్మనీలో పురపాలక గ్రంథాలయాలకు ఆద్యంగా దీనినే తరచు పేర్కొంటారు.

అంతకుముందు ఆ దేశంలో గ్రంథాలయాలు లేకపోలేదు. రాజాస్థానాలకు, మఠాలకు, విశ్వవిద్యాలయాలకు గొప్ప గ్రంథ భాండాగారాలుండేవి. అవి పండితులవి. బడి విడిచి పనిలో చేరిన యువకుడికి, చేతివృత్తిమీద బతికేవాడికి కూడా చదువు కొనసాగాలన్నది ప్రోయిస్కర్ తలంపు. ఆ తలంపు మంచిదే. కాని సామాన్యుడికి పుస్తకం ఇవ్వాలని నిర్ణయించగానే మరో ప్రశ్న పుట్టుకొస్తుంది: ఏ పుస్తకం ఇవ్వాలి, దానిని ఎవరు ఎంచాలి? తరువాతి రెండు వందల ఏళ్ల జర్మన్ గ్రంథాలయ చరిత్ర చాలావరకు ఈ ప్రశ్నచుట్టూనే తిరిగింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఒక్కొక్క వర్గం తనవారికోసం పుస్తకాలు సమకూర్చుకుంది. కాథలిక్కులు బాన్ నగరం కేంద్రంగా బొరొమేయుస్ సంఘాన్ని స్థాపించి చర్చి గ్రంథాలయాలు నడిపారు. ఉదారవాదులకు విద్యా సంఘాలుండేవి. సామ్యవాదులపై 1878 నుండి 1890 వరకు నిషేధ చట్టం అమలైనా, కార్మిక సంఘాల గ్రంథాలయాలు ఆ తరువాత విస్తరించాయి. ఎవరి గ్రంథాలయంలో వారి పక్షమే కనిపించేది.

ఈ గోడలను దాటాలన్న ఆలోచన 1890లలో బలపడింది. కాన్‌స్టాంటిన్ న్యోరెన్‌బెర్గ్ అనే గ్రంథపాలకుడు అమెరికా గ్రంథాలయాలను చూసివచ్చి, ఏ పార్టీకీ మతానికీ చెందని పౌర గ్రంథాలయం కావాలని ప్రచారం చేశాడు. 1895 జనవరి 1న బెర్లిన్‌లో నైతిక సంస్కృతి సంఘం ఒక ఉచిత పఠన మందిరాన్ని తెరిచింది. దాన్ని నిర్వహించిన బోనా పైజర్ జర్మనీలో గ్రంథపాలక వృత్తి చేపట్టిన తొలి మహిళగా గుర్తింపు పొందింది. 1899లో హాంబుర్గ్‌లో ప్రజా గ్రంథాలయం వెలసింది. అదే ఏడు ఎస్సెన్‌లో క్రుప్ ఉక్కు కర్మాగారం తన కార్మికులకోసం గ్రంథాలయం తెరిచింది.

ఎస్సెన్ గ్రంథాలయాన్ని తీర్చిదిద్దిన పాల్ లాడెవిగ్ అభిప్రాయంలో గ్రంథాలయం పని పాఠకుడు కోరిన పుస్తకాన్ని త్వరగా, విరివిగా అందించడమే. ఈ మాటను లైప్‌జిగ్ నగర గ్రంథాలయాల అధిపతి వాల్టర్ హోఫ్‌మాన్ తీవ్రంగా ఖండించాడు. ఆయన పద్ధతిలో పుస్తకాల బీరువాలు బల్లకు అవతల ఉండేవి. పాఠకుడు బల్ల దగ్గర నిలబడి మాట్లాడాలి. అతని వృత్తి, అభిరుచి, అంతకుముందు చదివినవి తెలుసుకుని, గ్రంథపాలకుడు తగిన పుస్తకం తీసి ఇవ్వాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు రాజుకున్న ఈ వివాదం గ్రంథపాలకులను చాలాకాలం రెండు శిబిరాలుగా చీల్చింది.

హోఫ్‌మాన్‌ను కేవలం పెత్తందారుగా చిత్రించడం అన్యాయం. చవకబారు నవలల వెల్లువలో కార్మిక పాఠకుడు కొట్టుకుపోకూడదన్నది ఆయన ఆరాటం. ఒక్కొక్క పాఠకుణ్ణి వ్యక్తిగా గుర్తించి, చదివే అలవాట్లను శ్రద్ధగా పరిశీలించినవారు ఆనాడు అరుదు. అయితే ఆ ఏర్పాటులో ఒక బలహీనత ఉంది. బల్లకు ఇవతల ఉన్నవాడికి అవతల ఏమున్నదో కనబడదు. కనబడని పుస్తకాన్ని అతడు అడగలేడు. అది మాయమైతే మాయమైనట్లు కూడా అతనికి తెలియదు. అవతల నిలబడినవాడి మంచితనమే పాఠకుడికి మిగిలే రక్షణ.

ఆ రక్షణ ఎంత పలుచనిదో 1933లో తేలింది. ఆ ఏడు మే 10 రాత్రి బెర్లిన్‌లోని ఒపేరా మైదానంలో విద్యార్థి సంఘాలు సుమారు 20,000 పుస్తకాలను తగలబెట్టాయి. మరెన్నో విశ్వవిద్యాలయ పట్టణాలలోనూ మంటలు లేచాయి. రచయిత ఎరిక్ కెస్ట్‌నర్ జనంలో నిలబడి తన పుస్తకాలు కాలిపోవడం కళ్లారా చూశాడు. ఆ మంటల ఛాయాచిత్రాలు లోకమంతా ఎరుగును. వాటివెనుక ఉన్న జాబితా సంగతి అంతగా తెలియదు. నిషేధించవలసిన రచయితల పట్టికను సిద్ధం చేసినవాడు వోల్ఫ్‌గాంగ్ హెర్మాన్, 29 ఏళ్ల గ్రంథపాలకుడు. బెర్లిన్ ప్రజా గ్రంథాలయాల ‘శుద్ధి’ కోసం తయారైన ఆ పట్టికనే విద్యార్థులు వాడుకున్నారు. మంట ఒక్క రాత్రిలో ఆరింది. బీరువాలనుండి పుస్తకాలను తొలగించే పని మాత్రం కార్యాలయ విధిగా, చప్పుడు లేకుండా, ఏళ్లతరబడి సాగింది.

గ్రంథాలయాలు పుస్తకాలను తొలగించడంతో ఆగలేదు, దోచిన పుస్తకాలను చేర్చుకున్నాయి కూడా. బెర్లిన్ నగర గ్రంథాలయం 1943లో పురపాలక తాకట్టు కార్యాలయం నుండి 40,000కు పైగా పుస్తకాలు కొన్నది. అవి నిర్బంధంగా తరలించబడిన యూదుల ఇళ్లలోనివి.

యుద్ధానంతరం మిత్రరాజ్యాల నియంత్రణ మండలి 1946 మే 13న మరో ఉత్తరువు జారీ చేసింది. ఈసారి నాజీ, సైనికవాద గ్రంథాలను తొలగించాలి. నాజీ పాలన నుండి విముక్తికి కూడా నిషేధపు జాబితానే సాధనం కావడంలోని చిక్కును ఆనాటివారు గుర్తించకపోలేదు. ఆ ఏడాదే ఉత్తరువును సవరించి, పరిశోధనకోసం కొన్ని ప్రతులు ఉంచడానికి అనుమతించారు. 1949లో పశ్చిమ జర్మనీ మూల చట్టం తన 5వ అధికరణంలో ఒక కొత్త హక్కును చేర్చింది. అందరికీ అందుబాటులో ఉన్న ఆధారాలనుండి అడ్డంకి లేకుండా సమాచారం తెలుసుకునే హక్కు అది. పలికే స్వేచ్ఛతో సమానంగా తెలుసుకునే స్వేచ్ఛను నిలపడం, విదేశీ రేడియో వినడమే నేరంగా ఉన్న రోజులను అనుభవించిన సమాజానికి సహజమే.

ఈ హక్కుకు భవనరూపంలా 1954 సెప్టెంబర్ 17న పశ్చిమ బెర్లిన్‌లో అమెరికా స్మారక గ్రంథాలయం తెరుచుకుంది. సోవియట్ దిగ్బంధాన్ని తట్టుకున్న నగరవాసులకు గుర్తుగా అమెరికా ఇచ్చిన ధనంతో దానిని నిర్మించారు. అమెరికా రాజకీయ ప్రయోజనం అందులో లేదనలేము. అయినా పాఠకులకు కలిగిన మార్పు నిజమైనది. బల్ల అడ్డు తొలగింది. ఎవరైనా బీరువాల మధ్య తిరిగి, తమకు తోచిన పుస్తకం తీసి చూడవచ్చు. 1961లో గోడ లేచేవరకు తూర్పు బెర్లిన్ నుండి కూడా పాఠకులు పెద్ద సంఖ్యలో వచ్చేవారు.

తూర్పు జర్మనీ గ్రంథాలయాలను నిర్లక్ష్యం చేయలేదు. గ్రామాల్లో, కర్మాగారాల్లో వాటిని విస్తారంగా నెలకొల్పింది. కాని లైప్‌జిగ్‌లోని జాతీయ స్థాయి గ్రంథాలయంలో కొన్ని పుస్తకాలు తాళంవేసిన గదిలో ఉండేవి. వాటిని చదవాలంటే అవసరాన్ని ధ్రువీకరించే పత్రం చూపాలి. గ్రంథాలయాల సంఖ్య ఒక్కటే ప్రజాస్వామ్యానికి కొలమానం కాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

స్వేచ్ఛ ఉన్నచోట వేరే ఇబ్బంది ఉంది. జర్మనీలో గ్రంథాలయం నడపడం పురపాలక సంఘాల ఐచ్ఛిక బాధ్యత మాత్రమే. ఖజానా తగ్గితే కత్తెర ముందుగా దానిమీదనే పడుతుంది. దేశమంతటికీ వర్తించే గ్రంథాలయ చట్టం లేదు. రాష్ట్రాలలో తురింగియా మొదటగా 2008లో ప్రత్యేక చట్టం చేసింది. వారమంతా పనిచేసేవారికి ఆదివారం గ్రంథాలయం తెరవాలా అన్న విషయం న్యాయస్థానాలదాకా వెళ్లింది. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా 2019లో చట్టం ద్వారా అందుకు వీలు కల్పించింది.

ఈ విషయంలో తెలుగు నేల అనుభవం పోల్చదగినది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఆ ఉద్యమ ఫలంగా ఇక్కడ గ్రంథాలయానికి చట్టం అండ దొరికింది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు విధించింది. జర్మన్ గ్రంథపాలకులు కోరుకునే భరోసా తెలుగువారికి కాగితంమీద ఎప్పుడో లభించింది. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయక బకాయిలు పేరుకుపోవడం మాత్రం ఇక్కడి పాత కథ. అక్కడ చట్టం లేక, ఇక్కడ చట్టం ఉండీ, నష్టపోతున్నది పాఠకుడే.

1933లో పుస్తకాలు కాలిన మైదానాన్ని నేడు బేబెల్ చౌకు అంటారు. అక్కడ నేలలో అమర్చిన గాజు పలకగుండా కిందికి చూస్తే ఒక తెల్లని గది, 20,000 పుస్తకాలకు సరిపడే ఖాళీ అరలు కనిపిస్తాయి. ఇజ్రాయెల్ శిల్పి మిఖా ఉల్మాన్ 1995లో నిర్మించిన స్మారకమది. అదే నగరపు గ్రంథాలయంలో ఇప్పటికీ సిబ్బంది పాత పుస్తకాల అట్టలు తిప్పి, లోపలి సంతకాలను, చీటీలను పరిశీలిస్తూ, 1943లో కొన్నవాటి యజమానుల వారసులను వెదుకుతున్నారు. దొరికినప్పుడు పుస్తకాన్ని తిరిగి ఇస్తున్నారు.