చేనిగట్టు చేరిన బండి

పెద్దమండ్యము దాపున నొక టమోటా తోట గట్టుమీద, ప్రొద్దు వాలుచున్న వేళ, నేను చూచిన దృశ్యమొకటి ఈ వ్యాసమునకు మూలము. బారన్నర వెడల్పైనను లేని బాటలో, ఇరుప్రక్కల కంపచెట్ల కొమ్మలు అద్దములను రాచుకొనుచుండగా, ఒక చిన్న పికప్ బండి వెనుకకు నడచి వచ్చి, కోసి పోసిన కాయల రాశి చెంత సరిగా నిలిచినది. డ్రైవరు దిగి, తొట్టి వెనుక తలుపు గొలుసులు విప్పకమునుపే నేలకు వంగి, వెనుక కమాన్ కట్టలను చేతితో తడవి చూచుకొని, ఆ పిమ్మటనే పెట్టెలు ఎక్కింపుడని కూలీలకు సైగ చేసెను. పెట్టెలు వరుసలు వరుసలుగా లేచిన తరువాత త్రాటిని ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు విసరి, మోకాలు తొట్టికి ఆనించి బిగించి, చూపుడువ్రేలితో దానిని మీటి, అది గట్టిగా పలికిన పిదపనే చేయి దులుపుకొనెను. ఇంతకంటె పెద్ద బండి కొనరాదా యని నేనడుగగా, అతడు నావైపు తిరిగి, "బండి ఎంత పెద్దదని కాదు సామీ, చేనిగట్టుదాకా వస్తాదా రాదా, అదీ సంగతి" అనెను. మదనపల్లె సీమలో సరకు రవాణా చరిత్రను ఎన్నాళ్ళు తరచినను, దానిని కొలుచుటకు ఇంతకన్న నమ్మదగిన కొలబద్ద నాకు దొరకలేదు.

ఈ సీమ మైసూరు పీఠభూమికి తూర్పు అంచు. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు, కడప జిల్లానుండి మదనపల్లె, వాయల్పాడు తాలూకాలును, ఉత్తర ఆర్కాటు జిల్లానుండి చిత్తూరు, పలమనేరు మొదలగు ప్రాంతములును వచ్చి దానిలో కలిసినవి. పడమట కన్నడదేశము, దక్షిణమున తమిళదేశము. నడుమ గుట్టలు, వానకు నిండి ఎండకు ఇంకిపోవు చెరువులు, ఉత్తరమున ఇసుక మేటలు వేసి పారు పాపఘ్ని. పొలములు చిన్నవి, మడులు ఎత్తుపల్లములు, బాటలు గట్లనే నమ్ముకొని వంకరలు తిరుగునవి. పంట అమ్ముడుపోవు చోటు మదనపల్లెయో, బెంగుళూరో, చెన్నపట్టణమో. పంట పండు చోటు మాత్రము రాజమార్గమునకు క్రోసుల దూరమున నున్న ఏదో యొక పల్లె. ఈ రెంటి నడుమనున్న ఎడమును ఏ వాహనము పూడ్చినది, ఎంత పూడ్చినది అనునదియే ఇక్కడి రవాణా చరిత్ర.

మొదట ఆ పని ఎద్దు వీపుదే. చక్రము దొరలని కనుమలలో పెరికెద్దులే ఉప్పును, ధాన్యమును, ప్రత్తిని మోసెను. 1791లో కారన్‌వాలిసు టిప్పు సుల్తానుపై దండెత్తి మొగిలి కనుమ నెక్కి పలమనేరు పీఠభూమిమీదికి వచ్చినాడు. ఆ యుద్ధకాలమున సేనలకు ధాన్యము చేరవేసినవారు వేలకొలది ఎద్దులను తోలుకొని తిరిగిన లంబాడీ వర్తకులు. ఒక్కొక్క ఎద్దు మోసినది రెండు మూటలే యైనను, బాట ఎంత ఇరుకైనను అది పోగలుగుటయే దాని ఘనత.

తరువాత రెండెడ్ల బండి వచ్చెను. తుమ్మకఱ్ఱ చక్రము, దానిపై ఇనుప పట్టా, ఇరుసునకు కందెన, కాడికి నొగలు: ఈ సామగ్రి అంతయు ఊరి వడ్రంగి, ఊరి కమ్మరి చేతులలోనే తయారగుచుండెను. విరిగినచో ఊరిలోనే బాగుపడెడిది. ఈ గుణమును చదువరులు గుర్తుంచుకొందురు గాక. ఏలయనగా నూరేండ్ల పిమ్మట మోటారు బండిని కొనువారు కూడ మొట్టమొదట అడిగినది ఇదియే. వేరుసెనగ మూటలు, బెల్లపు దిమ్మెలు వేసికొని రాత్రంతయు నడచి, తెల్లవారుసరికి సంత చేరిన బండ్ల వరుసలను, వాని క్రింద వ్రేలాడు లాంతర్లను తలచుకొనువారు ఈ పల్లెలలో నేటికిని కలరు.

రైలు ఈ సీమకు రెండు వైపులనుండి వచ్చినది. బెంగుళూరునకు పోవు దారి 1864లో పూర్తియై కుప్పమును తాకెను. పాకాల నుండి ధర్మవరమునకు పోవు మీటరు గేజి దారి పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకములో వాయల్పాడు, కలికిరి మీదుగా సాగెను. అయినను మదనపల్లె రోడ్డు అను స్టేషను పట్టణమున లేదు. కొన్ని మైళ్ళ దూరమున, సి.టి.ఎం. అని జనులు పిలుచు చిన్నతిప్పసముద్రమున నున్నది. పేరులోని ఆ 'రోడ్డు' అను మాటయే మిగిలిన దూరమును చెప్పుచున్నది. ఆ మిగిలిన దూరమును నడచినది మరల ఎడ్లబండియే. స్వాతంత్ర్యానంతరము లారీలు పెరిగి రైలు పనిని చాలవరకు తామే చేపట్టినను, చేనికిని రోడ్డుకును నడుమ ఎడము తగ్గలేదు.

ఆ ఎడము రైతును బాధింప మొదలిడినది టమోటా కాలముననే. కపిలలు పోయి బోరుబావులు వచ్చిన పిదప, చల్లని గాలి గల ఈ ఎత్తైన నేలలో టమోటా ఏడాది పొడుగునను పండుట ఆరంభించెను. మదనపల్లె మార్కెట్టు దేశములోని మిక్కిలి పెద్ద టమోటా మార్కెట్లలో నొకటిగా ఎదిగెను. వేరుసెనగ మూట పది దినములు ఇంట నిలిచినను చెడదు. టమోటా అట్లు కాదు. కోసిన మరునాడు మండీ చేరనిచో మెత్తబడును, మెత్తబడిన కాయకు వేలములో ధర లేదు. లారీ నిండవలెనన్న పదిమంది రైతుల కాయలు ఒక్కచోట చేరవలెను. చేరువరకు మొదట కోసినవాని కాయ ఎండలో వేచియుండవలెను. అరెకరము వేసిన చిన్న రైతు తన కోతవేళను తాను నిర్ణయించుకొనలేక, పెద్ద రైతు కోతకును, లారీ రాకకును కట్టువడి యుండెను. ట్రాక్టరు ట్రైలరు కొంత ఆదుకొన్నది గాని, దూరపు ప్రయాణమునకు దాని వేగము చాలదు. మూడు చక్రముల టెంపోకు ఎత్తు ఎక్కు శక్తి చాలదు.

చిన్న లారీ తయారీలో తెలుగునేలకు స్వంతమైన అధ్యాయ మొకటి కలదు. 1980 దశకములో జపాను సంస్థల తోడ్పాటుతో నాలుగు కర్మాగారములు మనదేశమున తేలిక లారీలు చేయబూనగా, వానిలో ఒకటి నాటి మెదకు జిల్లా జహీరాబాదులో వెలసిన ఆల్విన్ నిస్సాన్. రిఫ్రిజిరేటర్లకును గడియారములకును పేరొందిన హైదరాబాదు ఆల్విన్ చేయివేసిన ఆ కర్మాగారము 1989లో మహీంద్రావారి వశమయ్యెను. ఆ దశకముననే, 1986లో, టాటా 407 వచ్చి దేశమంతటను నిలదొక్కుకొనెను. 1988లో టాటావారు పికప్ బండినికూడ తెచ్చిరి. ఇవి మండీనుండి పట్టణమునకు పోవు దారిని సులభము చేసినవి. కాని వెలలో, పరిమాణములో చిన్న రైతు చేనిగట్టునకు ఇంకను దూరముగనే యుండెను.

2005 మే నెలలో టాటా ఏస్ వెలువడినప్పుడు ఆ దూరము తగ్గినది. రెండు సిలిండర్లు, 702 సి.సి. డీజిలు యంత్రము, పదునారు అశ్వశక్తి, ముప్పాతిక టన్ను మోయు శక్తి, ఏడడుగుల తొట్టి, సుమారు రెండుంబావు లక్షల వెల: కాగితముమీద ఇవి అల్పముగనే కనిపించును. గిరీష్ వాఘ్ నాయకత్వమున ఈ బండిని రూపొందించిన ఇంజనీర్లు మూడు చక్రముల బండ్లు నడుపువారి చెంతకు పోయి వారి అవసరములను అడిగి తెలిసికొనిరనియు, నాలుగు చక్రముల బండి యున్నచో ఊరిలో తనకు మంచి సంబంధములు వచ్చునని ఒక డ్రైవరు చెప్పెననియు ప్రసిద్ధి. పాతిక కిలోల పెట్టె లెక్కన చూచిన, ముప్పాతిక టన్ను అనగా ముప్పది పెట్టెలు. అరెకరపు రైతు ఒక కోతకు అది సరిపోయిన కొలత. అంతకు కొలది యేండ్లముందు, 2000 డిసెంబరులో, ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన మొదలై పల్లెలకు తారుబాటలు వేయుచుండుటచేత, బండియు బాటయు ఒకే కాలమున పల్లెకు వచ్చినవి. రైతు తన కాయను తాను తలచిన దినమున కోసి, తానే బాడుగ మాట్లాడుకొని, ధర ఎక్కడ మెరుగో అక్కడికి, మదనపల్లెకో, పుంగనూరుకో, వి.కోటకో, పొరుగు రాష్ట్రపు కోలారుకో తోలుకొనిపోవు స్వేచ్ఛను మొదటిసారి పొందెను. చిన్న బండి ఈ సీమకు చేసిన గొప్ప మేలు ఇదియని నా నమ్మకము.

అటుపిమ్మట మహీంద్రా బొలెరో పికప్‌లు, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో మారుతి సూపర్ క్యారీ, 2019లో టాటా ఇంట్రా వరుసగా వచ్చి, ప్రతి టీకొట్టువద్దను చర్చకు తావు కల్పించినవి. మండీ బయట వేకువజామున వేలమునకై వేచియుండు డ్రైవర్ల మాటలు వినువానికి, బండ్ల అభిమానము పట్టణపు యువకుల సొత్తు కాదని తెలియును. ఏస్ పక్షమువారు దాని ఇరుకు బాట నేర్పును, డీజిలు పొదుపును, మరమ్మతు సులభతను పొగడుదురు. బొలెరో పక్షమువారు దాని మొగమును, ఎత్తును, టన్నుకు మించిన బరువును మోయు కమాన్ కట్టలను, పాతబండికైనను పడిపోని వెలను చూపుదురు. మొగిలి ఘాటులో నిండు బరువుతో ఎక్కునప్పుడు రెండు సిలిండర్లు ఆయాసపడునని ఒకరందురు. ఆ బరువు వేసినవాడిది తప్పు, బండిది కాదని మరియొకరందురు. ఎవరి బండిని వారు సమర్థించునప్పుడు వారి మాటలలో కంతులు కట్టిన కష్టమును, అర్ధరాత్రి దారిలో నిలిచిపోలేదను కృతజ్ఞతయు కలగలసి వినబడును. ఈ వాదమును వినునప్పుడెల్ల నాకు పుంగనూరు పొట్టి ఆవు తలపునకు వచ్చును. మూడడుగుల ఎత్తైన ఆ ఆవు ఈ ఎండునేలలోని కొద్దిపాటి మేతతో బ్రతికి, చిక్కని పాలనిచ్చుచు, పెద్దజాతి పశువులు మనలేని చోట మనినది. నేలకు తగిన పరిమాణమే ఇక్కడ గెలిచిన పరిమాణము.

పరదేశములలో ఇదే వాదము వేరొక రూపమున నడచుచున్నది. అమెరికాలో ఫోర్డువారు 1925లో తమ మోడల్ టి కారునకు వెనుక తొట్టి నమర్చి పికప్‌ను నేరుగా విక్రయించినప్పుడు అది రైతు పనిముట్టే. కాలక్రమమున అది పెరిగి పెరిగి ఇంటి గారేజీలో పట్టనంత అయ్యెను. 1964 నుండి విదేశపు చిన్న లారీలపై విధించిన నూటికి ఇరువదియైదు వంతుల సుంకము, బయటి దేశముల చిన్న బండ్లకు ఆ విపణి ద్వారమును ఇరుకు చేసెను. 2021లో ఫోర్డువారు మావెరిక్ అను చిన్న పికప్‌ను తెచ్చినప్పుడు అక్కడి అభిమానులు ఆనందించిరి. అయినను దాని తొట్టి పొడవు నాలుగున్నర అడుగులే యని పెదవి విరిచినవారును కలరు. జపానులో 660 సి.సి. మించని, 350 కిలోలు మోయు కేయ్ లారీలు ఏనాటినుండియో వరిమళ్ళ గట్లమీద తిరుగుచున్నవి. మన చిత్తూరు జిల్లాకే చెందియుండిన శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో ఇసుజువారి కర్మాగారము ఆరంభమై, విహారప్రియులు మెచ్చు వి-క్రాస్ అను బలిష్ఠమైన పికప్‌ను తయారుచేయుచున్నది. కొండలెక్కుటకు, వాగులు దాటుటకు అది యోగ్యమైనదే. దానిని మెచ్చువారి మెప్పును నేను తక్కువ చేయను. ఆ మెప్పునకు కొలత కొనువాని ముచ్చట. చేనిగట్టు కొలత వేరు.

ఈ చరిత్రలో చీకటి వైపును దాచుట ధర్మము కాదు. టమోటా ధర కిలో నూరు దాటిన 2023 జులై వంటి కాలములలో నాలుగు బాడుగలతోనే కంతు తీరెను. ధర పడి, కాయలను రోడ్డు ప్రక్క పారబోయు కాలములలో రైతుతో పాటు బండివానికిని పనిలేక కంతులు బాకీపడినవి. 2021 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వము ఇంటింటికి రేషను చేర్చుటకై 9,260 చిన్న బండ్లను ప్రవేశపెట్టగా, ఎందరో యువకులు ఆ చక్రమును నమ్ముకొనిరి. 2025 జూనులో ఆ పద్ధతి ముగిసినది. అన్నిటికంటె శోచనీయమైనది, సరకు తొట్టిలో మనుషులను ఎక్కించు అలవాటు. కోతకూలీలు, పెండ్లివారు, తిరునాళ్ళకు పోవు కుటుంబములు త్రాళ్ళు పట్టుకొని నిలబడి పోవుచున్నారు. కాయలకు కట్టు త్రాడు మనిషి ప్రాణమునకు కట్టు కాజాలదు.

ఇప్పుడు విద్యుత్తుతో నడచు చిన్న బండ్లును వచ్చుచున్నవి. వాని దూరపరిమితిని, బ్యాటరీ వెలను, నిశ్శబ్దపు నడకను గూర్చి అభిమానులు అప్పుడే రెండు పక్షములుగ చీలినారు. ఆ చర్చ మంచిదే. కొత్త బండిని తలచువారికి నాదొక విన్నపము: దాని అశ్వశక్తిని చదువుటకు ముందు, వెలను బేరమాడుటకు ముందు, దానిని ఒకసారి తమ చేనిబాటలో గట్టుదాకా తోలి చూడుడు; చెడినచో దగ్గరి ఊరిలో బాగుచేయువాడు కలడో లేడో విచారింపుడు; మోయదగిన బరువెంతో తెలిసికొని, అంతే వేయుడు; మనుషులను తొట్టిలో ఎక్కింపకుడు. ఈ నాలుగు మాటలును నావి కావు. పెరికెద్దు తోలిన నాటినుండి ఈ సీమ రవాణా నేర్పిన పాఠములే యివి.