ప్రోగ్రాంలో అచ్చుకాని పేరు

1928 ఆగస్టు 31న బెర్లిన్‌లోని షిఫ్‌బవర్‌డామ్ థియేటర్‌లో బ్రెహ్ట్, కూర్ట్ వైల్‌ల "మూడు కాసుల ఒపేరా" మొదటిసారి ప్రదర్శించారు. ఆ రాత్రి ప్రేక్షకులకు పంచిన ప్రోగ్రాంలో పాత్రధారులందరి పేర్లూ వున్నాయి, ఒక్క పేరు తప్ప. మాకీని పోలీసులకు పట్టిచ్చే వేశ్య జెన్నీ పాత్రధారిణి పేరు అచ్చుకాలేదు. ఆమె సంగీతకర్త వైల్ భార్య, లోటె లేన్యా. నెమ్మదస్తుడని పేరున్న వైల్ అగ్గిమీద గుగ్గిలమై, ఆమెను రంగస్థలం మీదికి పోనివ్వనన్నాడట. ఆమే అతన్ని శాంతింపజేసి వెళ్ళి పాడింది.

హడావిడిలో జరిగిన పొరపాటే కావచ్చు. ఆ నాటకం రిహార్సళ్ళు అంత గందరగోళంగానూ సాగాయి. పోలీ వేషం వేయవలసిన కరోలా నేహర్, భర్త చనిపోయిన దుఃఖంలో మధ్యలో తప్పుకుంది. హెలీన్ వైగెల్ జబ్బుపడింది. ప్రపంచమంతా పాడుకున్న మాకీ కత్తి పాట ఆఖరి రోజులలో రాసి చేర్చినది. అయినా ఈ చిన్న సంగతి దగ్గర నేను ఆగుతున్నానంటే కారణం వుంది. మన అభ్యుదయ సాహిత్య గోష్ఠులలో బ్రెహ్ట్ సిద్ధాంతం గురించి గంటలకొద్దీ మాట్లాడుతాం, క్లాసులో పాఠం చెబుతాం. పాత్రలో లీనమైపోకుండా, పాటకూ పాడేవారికీ మధ్య కాస్త ఎడం వుంచి పాడాలన్న ఆ సిద్ధాంతాన్ని, రాతలోకి రాకముందే గొంతులో చూపించిన శ్రామికురాలి పేరు మాత్రం ఎత్తం.

శ్రామికురాలన్న మాట అలంకారానికి వాడలేదు. ఆమె అసలు పేరు కరోలీన్ బ్లామవర్. 1898లో వియన్నాలోని ఒక పేదపేటలో పుట్టింది. తండ్రి గుర్రపుబండి తోలేవాడు, తల్లి బట్టలుతికేది. అంతకుముందు పుట్టి చనిపోయిన అక్క పేరే ఈమెకు పెట్టారు. ఆ అక్క చక్కగా పాడేదట. తాగి అర్ధరాత్రి ఇంటికొచ్చిన తండ్రి ఈ పసిదాన్ని నిద్రలేపి పాడమనేవాడు, పోయిన కూతురిలాగా పాడలేదని కొట్టేవాడు. ఇదంతా లేన్యా స్వయంగా చెప్పుకున్నదే. టోపీల ఫ్యాక్టరీలో పని నేర్చుకోవడానికి చేరింది. మొదటి ప్రపంచయుద్ధానికి కొద్దిగా ముందు జ్యూరిచ్‌కు పోయి నృత్యం నేర్చుకుంది. అక్కడి దర్శకుడు రిచర్డ్ రెవీ ఆమెకు గురువయ్యాడు, లేన్యా అన్న కొత్త పేరూ ఆయన చలవే. 1921లో బెర్లిన్ చేరి, 1924లో నాటకకర్త గేయోర్గ్ కైజర్ ఇంట్లో వుంటూ, ఆయనను చూడవచ్చిన వైల్‌ను స్టేషన్ నుంచి పడవలో సరస్సు దాటించి తీసుకువచ్చింది. 1926లో వాళ్ళు పెళ్ళిచేసుకున్నారు.

ఆమెకు సంగీత శిక్షణ లేదు, స్వరలిపి చదవడం రాదు. బూర్జువా ఒపేరా ప్రపంచంలో ఇంతకన్నా పెద్ద అనర్హత వుండదు. వైల్ దీన్నే అర్హతగా గుర్తించాడు. 1927 జూలైలో బాడెన్-బాడెన్ సంగీతోత్సవంలో "మహగొనీ" పాటల నాటికను ప్రదర్శించినప్పుడు, సాధన చేసిన ఒపేరా గాయకుల మధ్య ఆమెను నిలబెట్టి అలబామా పాట పాడించాడు. నాగరిక శ్రోతలు ఈలలు వేశారు. బ్రెహ్ట్ ముందే ఊహించి నటులకు ఈలలు పంచిపెట్టాడనీ, తామూ తిరిగి వూదామనీ ఆమె తర్వాత చెప్పింది. మన పద్యనాటకాలలో రాగం సాగదీసినకొద్దీ వన్స్‌మోర్లు పడేవి. అది వేరే రసికత. లేన్యా గొంతులో సాగదీయడమే లేదు. మాట స్పష్టంగా, కొంచెం నిర్లక్ష్యంగా, బజారులో కబురు చెప్పినట్టు పడుతుంది, ఆ వెనక రాగం నడుస్తుంది. మహగొనీ ఒపేరాకు బ్రెహ్ట్ సుప్రసిద్ధమైన వ్యాఖ్యలు అచ్చయినది 1930లో. అంటే ఈ గొంతు విన్న మూడేళ్ళకు. ఆ పద్ధతినంతా ఆమె ఒక్కతే కనిపెట్టిందని నా వాదన కాదు. సిద్ధాంతం ఆకాశం నుంచి ఊడిపడలేదని మాత్రమే అంటున్నాను.

పేర్ల ప్రసక్తి వచ్చింది గనుక మరొకరిని కూడా తలచుకోవాలి. జాన్ గే 1728లో రాసిన "బిచ్చగాళ్ళ ఒపేరా"ను జర్మన్‌లోకి తెచ్చి బ్రెహ్ట్ చేతిలో పెట్టినది ఎలిజబెత్ హౌప్ట్‌మన్. ఆమె పేరు అనువాదకురాలిగా అచ్చయింది. రాబడి పంపకం ఇలా జరిగింది: బ్రెహ్ట్‌కు నూటికి 62.5, వైల్‌కు 25, హౌప్ట్‌మన్‌కు 12.5. నాటకంలో ఆమె రాసిన భాగం ఎంతన్నదాని మీద పండితులు ఇంకా తగువులాడుతూనే వున్నారు. ఆస్తి సంబంధాలను అంత నిర్దయగా వెక్కిరించిన నాటకం వెనక ఈ లెక్కలున్నాయి. దీన్ని దాచడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు.

సముద్రపు దొంగ జెన్నీ పాట కథ కూడా ఇలాంటిదే. ఒక పూటకూళ్ళ ఇంట్లో గ్లాసులు కడిగే పనిపిల్ల, ఎనిమిది తెరచాపల ఓడ ఒకటి వచ్చి ఈ ఊరిని నేలమట్టం చేస్తుందనీ, ఎవరిని చంపాలో తననే అడుగుతారనీ కల కంటుంది. నాటకంలో ఆ పాట లేన్యాది కాదు, పెళ్ళికూతురు పోలీ పాడుతుంది. 1931లో పాబ్స్ట్ తీసిన సినిమాలో దాన్ని జెన్నీకి ఇచ్చారు. ఇక అది లేన్యాదే అయిపోయింది. చూపు ఎటో నిలిపి, చేతులు కదల్చకుండా పాడుతుంది. కోపం ఎక్కడా పైకి రాదు. వియన్నాలో బట్టలుతికినామె కూతురికి ఆ కోపం నటించవలసిన అవసరం లేకపోయిందని నాకు తోస్తుంది.

1933లో నాజీలు అధికారానికి రాగానే యూదుడైన వైల్ పారిస్ పారిపోయాడు. ఆ ఏడే వాళ్ళు విడాకులు తీసుకున్నారు. అదే ఏడు జూన్‌లో పారిస్‌లో "ఏడు మహాపాపాలు" ప్రదర్శనలో ఆమే పాడింది. 1935లో ఇద్దరూ అమెరికా చేరారు, 1937లో మళ్ళీ పెళ్ళిచేసుకున్నారు. వైల్‌ను బ్రాడ్వే ఆదరించింది. ఆమె యాసను ఏంచేసుకోవాలో మాత్రం దానికి తెలియలేదు. 1945లో వచ్చిన "ఫ్లోరెన్స్ ఫైర్‌బ్రాండ్" 43 ప్రదర్శనలతో మూతపడింది. 1950లో వైల్ మరణించాడు.

రెండవ జీవితం యాభై అయిదో ఏట మొదలయింది. 1933లో బ్రాడ్వే మీద 12 ప్రదర్శనలకే కూలిన "మూడు కాసుల ఒపేరా"ను, మార్క్ బ్లిట్జ్‌స్టైన్ ఇంగ్లీషులో 1954 మార్చిలో న్యూయార్క్‌లోని డి లిస్ థియేటర్‌లో ఎత్తుకున్నారు. మూడువందల సీట్లు కూడా లేని హాలు. బ్రెహ్ట్‌ను విచారణసంఘం ముందు నిలబెట్టి ఏడేళ్ళయినా కాలేదు. జెన్నీగా లేన్యా మళ్ళీ దిగింది. మధ్యలో హాలు ఖాళీచేయవలసి వచ్చి ఆగిన ప్రదర్శన 1955లో తిరిగి మొదలై 1961 దాకా నడిచింది. ఆమెకు 1956లో టోనీ బహుమతి వచ్చింది. 1955లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ మాకీ కత్తి పాట రికార్డు చేస్తున్నప్పుడు ఆమె స్టూడియోలోనే వుంది. పాటలోని ఆడవాళ్ళ పేర్ల జాబితాలో ఆయన ఆమె పేరు కూడా కలిపేశాడు. తర్వాత బాబీ డారిన్ అలాగే పాడాడు. ప్రోగ్రాంలో ఎక్కని పేరు ఈ విధంగా లక్షలాది రేడియోలలో మోగింది. విన్నవారిలో ఎంతోమంది ఆమెను మాకీ ప్రియురాలిగా, కల్పిత పాత్రగా అనుకున్నారు!

నేను మొదట విన్నవి ఆమె 1955 తర్వాత హాంబుర్గ్‌లో, బెర్లిన్‌లో ఇచ్చిన రికార్డులు. బొంగురుగా, పొగపట్టినట్టుగా వుండే గొంతు. వైమార్ నాటి బెర్లిన్ ఇలాగే వుండేదని నమ్మేశాను. మన మిత్రులు చాలామంది నేటికీ అలాగే నమ్ముతున్నారు. తర్వాత 1930 ప్రాంతాల రికార్డులు విని తెల్లబోయాను: సన్నని, పైస్థాయిలో పలికే పడుచుపిల్ల గొంతు! వయసుతో గొంతు దిగింది గనుక, "ఏడు మహాపాపాల" వరుసలను ఆమెకోసం నాలుగు స్వరాల మేర కిందికి దించి రాశారు. దాన్నే మూలమనుకుని తర్వాతివారు అనుకరించారు. మనం అసలైన గొంతని పూజిస్తున్నది, ప్రవాసమూ వైధవ్యమూ చూసివచ్చిన స్త్రీ చేసిన పునర్నిర్మాణం. తక్కువైనదని అనడంలేదు, నాకు ఇదే ఇష్టం. చరిత్ర రాసేటప్పుడు మాత్రం రెండింటినీ కలిపేయకూడదు.

ఆమెను విప్లవ గాయనిగా నిలబెట్టదలచినవారికి మింగుడుపడని ముక్క కూడా వుంది. 1963 నాటి జేమ్స్ బాండ్ చిత్రంలో, సోవియట్ గూఢచారి సంస్థ వదిలి హంతకముఠాలో చేరిన రోజా క్లెబ్ ఆమే. బూటు ముందు విషపు కత్తి పెట్టుకుని తన్నుతుంది. నటికి వేషం కావాలి, అంతే. ఆ మరుసటి ఏడాది దాటగానే, 1965లో, జర్మనీలో "మదర్ కరేజ్" వేసింది.

1966 నవంబరు 20న న్యూయార్క్‌లో "కాబరే" మొదలయింది. వైమార్ చివరి రోజుల బెర్లిన్‌ను అమెరికన్లు రంగస్థలం మీద కట్టారు. అరవై ఎనిమిదేళ్ళ లేన్యాది అద్దెగదుల ఇల్లు నడుపుకునే ఫ్రాయిలైన్ ష్నైడర్ వేషం. ఆమె పళ్ళకొట్టు నడిపే యూదు ముసలాయనను పెళ్ళాడ నిశ్చయించుకుంటుంది. అతని కొట్టు అద్దంలోంచి ఇటుక వచ్చి పడుతుంది. ఆమె పెళ్ళి మానుకుంటుంది. మంచిది కాదని చెప్పవచ్చిన అమెరికన్ కుర్రవాణ్ణి, నా స్థానంలో నువ్వుంటే ఏంచేస్తావని పాటలో అడుగుతుంది. యూదుణ్ణి రెండుసార్లు పెళ్ళాడి, ఆ నగరం వదిలి వచ్చేసిన మనిషి, వదలలేక లొంగిపోయిన మనిషి తరఫున ఆ ప్రశ్న అడిగింది. ప్రోగ్రాంలో ఈసారి ఆమె పేరు వుంది. ముసలామెను వెక్కిరించలేదు, సమర్థించనూలేదు. గదులు ఖాళీ పడితే అద్దె రాదు, నాజీలు వచ్చినా తను ఇక్కడే బతకాలి అన్నది లెక్కచెప్పినట్టు పాడింది, 1927లో బాడెన్-బాడెన్‌లో పాడినట్టే, మాటకు మాట స్పష్టంగా.