యాదిలో లేని ఇల్లు

మన తెలుగులో యాది అంటే జ్ఞాపకం. మరాఠీలో యాదీ అంటే జాబితా. ఈ రెంటికీ ఉన్న తేడా మా సిరొంచ ప్రాంతం వాళ్లకు అనుభవంలో తెలుసు. ఇంటి కోసం అర్జీ పెట్టుకున్న ఒక ముసలమ్మ పంచాయతి ఆఫీసు నుంచి తిరిగివచ్చి మా అరుగు మీద కూలబడింది. "బిడ్డా, యాదిలో నేను లేనంటున్నరు. ఊరంత నన్ను ఎరుగును. ఆళ్లకు మాత్రం నేను యాదికి లేనా?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

నేను బడిపంతులుగా పనిచేసినవాణ్ణి. మరాఠీ రాయడం వచ్చు గనుక చాలా ఏళ్లుగా మావాళ్ల అర్జీలు రాసిపెడుతున్నాను. అందులో ఘర్‌కుల్ అర్జీలే ఎక్కువ. ఒక పేదవాడి అర్జీ ఆఫీసులో ఎందుకు ఆగిపోతుందో తెలియాలంటే మా నేల చరిత్ర కొంత తెలియాలి.

ప్రాణహిత గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి ఎదుటి ఒడ్డున ఉంటాం మేం. 1860లో నిజాంతో జరిగిన ఒడంబడికతో ఈ ఎడమ ఒడ్డు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడి, సిరొంచ దానికి ముఖ్యపట్టణమైంది. 1874లో ఆ జిల్లాను విడగొట్టారు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు వైపు వెళ్లాయి. సిరొంచ చాందా జిల్లాలో ఒక తహశీలుగా మిగిలింది. 1956లో చాందా జిల్లా మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి వేరే జిల్లా అయింది. ఇన్నేళ్లలో మావాళ్లు ఊరు కదల్లేదు. కదిలినవి ఆఫీసులు, మారినవి కాగితాల మీది భాషలు.

మహారాష్ట్రలో గ్రామ పంచాయతులు 1958 చట్టం కింద, పంచాయతి సమితులు, జిల్లా పరిషత్తులు 1961 చట్టం కింద నడుస్తాయి. ఇల్లు లేనివాడి కాగితం ఈ మూడు మెట్లూ ఎక్కాలి. ఇందిరా ఆవాస్ యోజన 1985లో మొదలై, 1996 జనవరి 1 నుంచి ప్రత్యేక పథకమైంది. 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. మైదాన ప్రాంతాల్లో ఇంటికి 1,20,000 రూపాయలు, గడ్చిరోలి వంటి జిల్లాల్లో 1,30,000. ఇల్లు 25 చదరపు మీటర్లకు తగ్గకూడదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. అర్జీ పెట్టినంత మాత్రాన ఇల్లు రాదు. 2011 సామాజిక ఆర్థిక గణన నుంచి జాబితా తీశారు. దాన్ని గ్రామసభలో చదివి ఖాయం చేయాలి. అభ్యంతరం ఉంటే జిల్లా స్థాయి అప్పీలు కమిటీకి వెళ్లాలి. అసలు గూడే లేనివాళ్లకు, మా అడవుల్లోని మాడియా గోండుల వంటి ఆదిమ తెగలకు ముందుగా చోటివ్వాలని నియమం. మరోవైపు పదమూడు మినహాయింపులు పెట్టారు. మోటారు సైకిలు ఉన్నా, ఫ్రిజ్ ఉన్నా, చేపల వేటకు మోటారు పడవ ఉన్నా ఇల్లు వచ్చేది కాదు. నది ఒడ్డున బతికే బెస్తవాడు అప్పుచేసి ఇంజను పడవ కొనుక్కుంటే, పూరిల్లు కూలినా వాడు కలవాడి కిందే లెక్కయ్యేవాడు. 2024లో ఈ మినహాయింపులను పదికి తగ్గించి, మోటారు సైకిలు, ఫ్రిజ్, మోటారు పడవ తీసేశారు. అప్పటికే ఎనిమిదేళ్లు గడిచాయి.

ముసలమ్మ సంగతికి వస్తాను. ఆ పంచాయతి పేరు చెప్పను. జాబితా నకలు సంపాదించి చదివితే ఆమె పేరు అందులో ఉంది! మనం ఇంటిపేరు ముందు రాస్తాం. మరాఠీ రికార్డులో అది చివర రావాలి. రాసినవాడు ఆమె ఇంటిపేరునే అసలు పేరు అనుకున్నాడు, పేరును ఇంటిపేరు చేశాడు. గ్రామసభలో ఆ పేరు చదివినప్పుడు ఆమె అక్కడే కూర్చుని ఉంది. తనను పిలిచారని తెలియక చెయ్యెత్తలేదు. "ఆ మనిషి ఊళ్లో లేదు" అని రాసుకున్నారు. ఇంటిపేరు ఉండి ఇల్లు పోగొట్టుకున్న మనిషి ఆమె.

దీనిలో ఎవరి ద్వేషమూ నాకు కనిపించలేదు. మరాఠీ పేదలకూ ఇటువంటి తిప్పలున్నాయి. కాని వాళ్లు జాబితా చదువుకుని తప్పు పట్టుకోగలరు. మావాళ్లకు ఆ తప్పు ఉన్నట్టే తెలియదు.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా కష్టం చెప్పుకునే హక్కు ప్రతివాడికీ ఉంది. తెలుగులో అర్జీ ఇస్తే తీసుకోవలసిందే. అయితే జవాబు కూడా తెలుగులో ఇవ్వాలని ఆ అధికరణం చెప్పదు. 2005 సమాచార హక్కు చట్టం మరీ ఇరుకు. ఇంగ్లీషు, హిందీ, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలోనే అడగాలి. అంటే కష్టం తెలుగులో చెప్పుకోవచ్చు, కారణం మాత్రం మరాఠీలో అడగాలి.

బ్రిటన్‌లో 1977లో ఇల్లు లేనివాళ్ల కోసం చట్టం చేశారు. అర్జీ తోసిపుచ్చితే స్థానిక కౌన్సిలు ఎందుకు తోసిపుచ్చిందో రాతమూలకంగా చెప్పాలి. అక్కడా కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు తక్కువేమీ కావు. కాని చేతిలో కారణం ఉన్నవాడు పోట్లాడగలడు. "యాదిలో లేవు" అన్న నోటిమాటతో ఎవడు పోట్లాడగలడు?

2022 జులైలో గోదావరి పొంగినప్పుడు మా తాలూకాలో ఊళ్లు మునిగాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మట్టిగోడలు కరిగిపోయినవాళ్లు పంచనామా కాగితం పట్టుకుని మళ్లీ నా అరుగు మీదికే వచ్చారు. వాళ్లకు చెప్పినవే ఇక్కడ చెబుతున్నాను. అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకదాని మీద తేదీతో పోచ్ ముద్ర వేయించుకోండి. ఆధార్‌లో, పన్ను రసీదులో, జాబితాలో పేరు ఒకే వరసలో ఉందో లేదో చూసుకోండి. గ్రామసభలో జాబితాను తెలుగులో కూడా చదవమని అడగండి, ఆ అడిగినట్టు ఠరావులో రాయించండి.

ముసలమ్మ పేరును 2018లో మొదలైన ఆవాస్ ప్లస్ సర్వేలో మళ్లీ ఎక్కించాం. ఈసారి అక్షరాలు నేనే దగ్గరుండి చూశాను. ఇల్లు మంజూరయ్యేనాటికి ఆమె లేదు. డబ్బు కొడుకు పేర వచ్చింది, గోడలు లేచాయి. గృహప్రవేశానికి నన్ను పిలిచారు. గోడ మీది పలకపై ఆమె పేరు మరాఠీలో సరిగానే రాసి ఉంది. కొడుకు దాన్ని నా చేత చదివించుకున్నాడు.