ఇల్లు వేసుకున్న పద్దు

నెల మొదట్లో పాలకింత, బియ్యానికింత అని పద్దు వేయని ఇల్లాలుండదు. మరి ఇల్లు తినే ఇంధనానికి, గోడలు లేవకముందే పద్దు వేయాలని ఎవరికి తోచిందో చూద్దామనిపించింది నాకు.

1973లో చమురు ధర మండిపోయేసరికి చలిదేశాలు హడలిపోయాయి. కెనడాలోని రెజీనాలో 1977లో, వెచ్చబరిచే పెద్ద పొయ్యి లేకుండానే ఒక ఇల్లు కట్టి చూపించారు. అడుగు మందం గోడలు, గాలి చొరని బిగింపు. బయటికి పోయే పాతగాలి తన వేడిని లోపలికొచ్చే కొత్తగాలికి అప్పగించి మరీ పోతుంది!

ఆ నేర్పును అంకెలో పెట్టినవాళ్ళు జర్మనీ శాస్త్రజ్ఞుడు వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, స్వీడన్ ఆచార్యుడు బో ఆడమ్సన్. 1988లో మొదలైన వాళ్ళ ఆలోచన ఫలించి, 1991లో డార్మ్‌స్టాట్‌లో నాలుగిళ్ళలో కాపురాలు మొదలయ్యాయి. తర్వాత స్థిరపడ్డ హద్దు ఇదీ: వెచ్చదనానికి చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లు.

15 ఎందుకంటారా? గట్టి చలిలోనూ మీటరుకు 10 వాట్లు చాలితే, మనం పీల్చే గాలితోనే ఆ వేడి పంపేయొచ్చు. అంటే వంద మీటర్ల ఇంటికి ఒక్క ఇస్త్రీపెట్టె పాటి కరెంటన్నమాట!

మన బాధ ఎండతో. 2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత, గోడలూ కిటికీల గుండా వచ్చే వేడి సగటున మీటరుకు 15 వాట్లు దాటకూడదంది. అంకె ఒకటే, కొలత వేరు.

అందుకే పడమటి కిటికీకి నీడెక్కడిదని మేస్త్రీని పునాదినాడే అడగండి. గృహప్రవేశమయ్యాక అడిగితే, జవాబు కరెంటు బిల్లే చెబుతుంది.