బైక్ ఇంధన మ్యాప్‌ను ఇంట్లోనే మార్చవచ్చా? పనితీరు, ప్రమాదాలు, చట్టం

సూరత్: బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1న అమల్లోకి రావడంతో కొత్త మోటార్‌సైకిళ్లలో కార్బ్యురేటర్ స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ దాదాపు పూర్తిగా ఆక్రమించింది. మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో చేసే సర్దుబాటును ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. ల్యాప్‌టాప్, కేబుల్ ఉంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లోనే మార్చుకుని మైలేజీనో, వేగాన్నో పెంచుకోవచ్చన్న ఆలోచన అందుకే పుట్టింది. అయితే లింబాయత్‌లోని తెలుగు మరమగ్గాల కార్మికుల వంటి కుటుంబాలకు బైక్ రోజువారీ అవసరం. ఇంజిన్ పాడైతే మరమ్మతు ఖర్చుతో పాటు పనికి వెళ్లే దారీ మూసుకుపోతుంది.

మ్యాప్ అంటే ఏమిటి?

ఇక్కడ మ్యాప్ అంటే అంకెల పట్టిక. అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా థ్రాటిల్ తెరుచుకున్న మేర లేదా గాలి పీడనం ఉంటాయి. ఆ రెండూ కలిసే ప్రతి గడిలో ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో నమోదై ఉంటుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కు సెకనుకు 50 సార్లు ఇంధనం అందాలి. అంటే ఒక్కో ఆవర్తనానికి 20 మిల్లీసెకన్లే వ్యవధి. గాలి ఉష్ణోగ్రత, ఇంజిన్ వేడి, బ్యాటరీ వోల్టేజీలను బట్టి ఈసీయూ అనే నియంత్రణ యూనిట్ ఆ అంకెను క్షణక్షణం సవరిస్తుంది. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న సూరత్ నుంచి సాపుతారా కొండలపైకి వెళ్లినా బండి తడబడకపోవడానికి ఈ సవరణలే కారణం.

అంచనాతో మారిస్తే ఏమవుతుంది?

పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక పాలు ఇంధనానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. నిలకడగా నడిచేటప్పుడు పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ సూచనతో ఈసీయూ ఈ నిష్పత్తి వద్దకే వస్తుంది. కనుక ఆ గడుల్లో అంకెలను కొద్దిగా మార్చినా అది తిరిగి సరిదిద్దుతుంది. ఈ అడ్డంకిని తప్పించుకోవడానికి కొందరు సెన్సర్‌ను తొలగిస్తారు లేదా దానికి తప్పుడు సంకేతం పంపిస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఇంధనం ఎక్కువైతే మండకుండా మిగిలిన పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని వేడికి కరిగించగలదు. అధిక భారం వద్ద ఇంధనం తక్కువైతే దహన ఉష్ణోగ్రత పెరిగి పిస్టన్, ఎగ్జాస్ట్ వాల్వ్ దెబ్బతింటాయి.

ఇతర దేశాల రైడర్లు పంచుకునే మ్యాప్‌లు ఇక్కడ సరిపోకపోవడానికి ఇంధనమూ కారణమే. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు సరైన నిష్పత్తి సుమారు 13.5 మాత్రమే. మామూలు పెట్రోల్‌కు రూపొందించిన మ్యాప్ దీనితో ఇంధనాన్ని తక్కువగా అందిస్తుంది.

సాధారణ ఆక్సిజన్ సెన్సర్ మిశ్రమంలో ఇంధనం ఎక్కువో తక్కువో మాత్రమే చెబుతుంది, ఎంత అన్నది చెప్పదు. ఆ అంకె తెలియాలంటే వైడ్‌బ్యాండ్ సెన్సర్, భారాన్ని అదుపులో ఉంచి పరీక్షించాలంటే డైనమోమీటర్ కావాలి. ఈ రెండూ లేకుండా పట్టికను మార్చడం గుడ్డి అంచనాయే. అమెరికాకు చెందిన డైనోజెట్ సంస్థ తయారుచేసే పవర్ కమాండర్ వంటి అదనపు పరికరాలకూ ఇదే వర్తిస్తుంది.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 నిషేధిస్తోంది. 2019 సవరణతో చేరిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాలుష్య పరీక్షలో ఉత్తీర్ణత మార్పునకు అనుమతి కాదు. ద్విచక్ర వాహనాల పొగను ఇంజిన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు కొలుస్తారు కాబట్టి, భారం వద్ద చేసిన మార్పు అందులో బయటపడకపోవచ్చు.

ఇంట్లో చేయదగినవి

మైలేజీ తగ్గితే మ్యాప్‌ను అనుమానించే ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, టైర్లలో గాలి, బ్యాటరీ వోల్టేజీలను తనిఖీ చేయాలి. హెచ్చరిక దీపం వెలిగితే స్కానర్‌తో లోపం కోడ్‌ను చదవాలి. మూసికొట్టుకున్న ఫిల్టర్‌నో, పాడైన సెన్సర్‌నో వదిలేసి మ్యాప్‌ను మారిస్తే అసలు లోపం మరుగున పడుతుంది. రేసింగ్ కోసం మార్చదలచినవారు ముందుగా అసలు మ్యాప్ ప్రతిని భద్రపరచుకోవాలి, డైనమోమీటర్ ఉన్న నిపుణుడిచేతనే పని చేయించాలి. ఆ బండిని మూసిన ట్రాక్‌కే పరిమితం చేయాలి.