ముల్కనూరు లెక్క: వాడుకునేవాళ్లే యజమానులైన కథ

1950ల్లో తెలంగాణలోని హుస్నాబాద్ చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో రైతు ఓటమి పంట కల్లంలోకి రాకముందే ఖాయమైపోయేది. తొలకరికి ముందే ఇంట్లో గింజలు నిండుకునేవి. విత్తనానికీ తిండికీ షావుకారు దగ్గరో దొర దగ్గరో నాగు తెచ్చుకోవాలి. నాగు అంటే వడ్లు అప్పుగా తెచ్చుకుని, పంట రాగానే మిత్తి కలిపి వడ్లే తిరిగి కొలిచి ఇవ్వడం. తెచ్చుకునేటప్పుడు గింజ పిరం, తీర్చేటప్పుడు అగ్గువ. పైగా అప్పిచ్చిన ఆసామే పంట కొనేవాడు. ధర ఆయనే చెప్పేవాడు, కాంటా ఆయనే పెట్టేవాడు, తరుగు ఆయనే తీసేవాడు. చివరికి మిగిలినదేదో పాత బాకీ కింద జమయ్యేది. మళ్లీ తొలకరి వచ్చేసరికి రైతు అదే గడప ముందు నిలబడేవాడు.

ఈ చక్రం ఎక్కడ తెగుతుందో చాలామంది వెతికారు. మిత్తి తగ్గిస్తే చాలనుకున్నవాళ్లు ఉన్నారు, మంచి ధర ఇప్పిస్తే చాలనుకున్నవాళ్లు ఉన్నారు. అప్పూ అమ్మకమూ ఒకే చేతిలో ఉన్నంతకాలం ఈ రెండింటిలో ఏ ఒక్కటి చేసినా ఫలితం ఉండదు. మిత్తి తగ్గితే తూకంలో కోత పడుతుంది, తూకం సరిచేస్తే ధరలో పడుతుంది. ఆ రెండు పనులనూ కలిపి షావుకారు చేతిలోంచి తీసుకుని రైతుల చేతిలో పెట్టాలి. పాత కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు 1956లో చేసింది అదే.

సర్వే చెప్పిన నిజం

ముల్కనూరు ఆలోచన వెనుక ఆ రోజుల్లో దేశమంతా సాగుతున్న ఒక చర్చ ఉంది. పల్లెల్లో అప్పు ఎవరిస్తున్నారో తెలుసుకోవడానికి రిజర్వు బ్యాంకు 1951-52లో దేశవ్యాప్తంగా సర్వే చేయించింది. ఎ.డి. గోర్వాలా అధ్యక్షతన కమిటీ 1954లో నివేదిక ఇచ్చింది. రైతు తెచ్చుకున్న ప్రతి వంద రూపాయల అప్పులో సహకార సంఘాలు ఇచ్చింది మూడు రూపాయలే. వడ్డీ వ్యాపారులూ, వడ్డీకి తిప్పే పెద్ద రైతులూ కలిసి 70 రూపాయల దాకా ఇస్తున్నారు. సహకార పరపతి సంఘాల చట్టం 1904లోనే వచ్చింది. అర్ధశతాబ్ది తర్వాత తేలిన లెక్క ఇది.

సహకారం విఫలమైందని ఒప్పుకుంటూనే, దాన్ని వదిలేయడానికి వీల్లేదని కమిటీ తేల్చింది. అప్పును అమ్మకంతో ముడిపెట్టమంది. ఒక్కో ఊరికి ఒక్కో చిన్న సంఘం కాకుండా, కొన్ని ఊళ్లు కలిసి జీతమిచ్చి పనివాళ్లను పెట్టుకోగలిగినంత పెద్ద సంఘాలు కావాలంది. సంఘాల్లో ప్రభుత్వం కూడా వాటా పెట్టాలని సూచించింది. ఈ చివరి సూచన ఎక్కడికి దారితీసిందో తర్వాత చూద్దాం.

నివేదిక దేశమంతటికీ ఒకటే. దాన్ని ఆధారం చేసుకుని పుట్టిన సంఘాలు వేలల్లో ఉన్నాయి. అందులో ఎక్కువభాగం కొన్నేళ్లకే అప్పుల పుస్తకాలుగా మిగిలిపోయాయి. ముల్కనూరు నిలబడింది.

మూడు పనులు, ఒకే గడప

ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘానికి పునాది వేసినవారు అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి. 1956 నాటికి తెలంగాణ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. ఆ ఏడాది నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య జరిగి ఎనిమిదేళ్లే. జాగీర్లు రద్దయ్యాయి, కౌలుదారీ చట్టం వచ్చింది, కానీ ఊళ్లో పెత్తనం ఇంకా దొరల గడీల చుట్టూనే తిరుగుతోంది. అలాంటి రోజుల్లో పద్నాలుగు ఊళ్ల రైతులు 400 మందిలోపు సభ్యులతో, దాదాపు రూ. 2,300 వాటా ధనంతో సంఘం పెట్టుకున్నారు.

పద్ధతి చెప్పుకోవడానికి తేలిక, పాటించడానికి కష్టం. విత్తనాలూ ఎరువులూ సంఘం ఇస్తుంది. పెట్టుబడికి అప్పు సంఘం ఇస్తుంది. పంట వచ్చాక సభ్యుడు దాన్ని సంఘానికే తెస్తాడు. సంఘం తూచి, అమ్మి, తనకు రావాల్సింది పట్టుకుని మిగతా పైసలు సభ్యుడి చేతిలో పెడుతుంది. అప్పు వసూలుకు ఎవరూ ఇంటిమీదికి రానక్కర్లేదు, జప్తు నోటీసు అక్కర్లేదు. పంట వెళ్లిన దారినే బాకీ కూడా తీరిపోతుంది. తూకంలో మోసం జరిగితే నష్టపోయేది సభ్యుడే, ఆ కాంటా పెట్టిన సంఘమూ అతనిదే. అందుకే తూకం మీద అందరి కన్నూ ఉంటుంది.

ముడి పంటతోనే ఆగకపోవడం ముల్కనూరు వేసిన తర్వాతి అడుగు. వడ్లను వడ్లుగా అమ్మితే రైతుకు వచ్చేదెంత? బియ్యంగా అమ్మితే ఎంత? విత్తనంగా అమ్మితే ఎంత? ఒక్కో మెట్టు ఎక్కినప్పుడు మిగులు పెరుగుతుంది. బియ్యం మిల్లు, పత్తి జిన్నింగు, విత్తన శుద్ధి కేంద్రం ఒకదాని తర్వాత ఒకటి ఆ ఆలోచనలోంచే వచ్చాయి.

విత్తన వడ్లు పండించడానికి కావలసిన క్రమశిక్షణ చిన్నది కాదు. పక్క మడిలో వేరే రకం ఉంటే మధ్యలో కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలి. పొట్టదశలోనూ పూతదశలోనూ పొలంలో దిగి బెరుకులు, అంటే వేరే రకం మొక్కలు, ఏరాలి. ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం మొలక శాతం 80కి తగ్గకూడదు, గింజలో తేమ 13 శాతం దాటకూడదు. ఒక్క రైతు అశ్రద్ధ చేసినా మొత్తం లాటు పేరు పోతుంది. వందల మంది చిన్న రైతులు ఇలాంటి నియమాలకు కట్టుబడ్డారంటే ఆ పంట ధరలో తమ వాటా తమకే వస్తుందని వాళ్లకు నమ్మకం కుదిరిందన్నమాట. ఆ నమ్మకం ఉపన్యాసాలతో రాలేదు. ప్రతి పంటకూ సరిగ్గా తేలిన లెక్కతో వచ్చింది.

ఎకరాలు ఎన్నున్నా ఓటు ఒక్కటే

ఇలాంటి నమ్మకాన్ని నిలబెట్టే సహకార నియమాలు పాతవి. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 1844లో 28 మంది, నేత కార్మికులూ ఇతర పనివాళ్లూ, తలా కొంత వేసుకుని ఒక చిన్న దుకాణం తెరిచారు. వాటా ఎంతున్నా మనిషికి ఒకే ఓటు, మిగులును ఎవరెంత కొన్నారో అంత లెక్కన పంచుకోవడం వాళ్లు పెట్టుకున్న నియమాలు. ప్రపంచంలోని సహకార ఉద్యమం ఇప్పటికీ ఆ పునాది మీదే నిలబడి ఉంది. నేతన్నల బతుకు ఏమిటో సిరిసిల్ల ఉన్న పాత కరీంనగర్ జిల్లాకు చెప్పనక్కర్లేదు. ఆకలితో ఉన్న మగ్గంవాళ్లు దానధర్మం అడగకుండా సొంత దుకాణం పెట్టుకున్నారన్నది ఇక్కడివాళ్ల గుండెకు తగిలే విషయం.

ఒకే ఓటు అన్న నియమం 1950ల తెలంగాణ పల్లెలో ఎంత పెద్ద మాటో ఊహించాలి. వెట్టి జ్ఞాపకం ఇంకా చెరగని ఊళ్లో రెండెకరాల రైతూ యాభై ఎకరాల రైతూ ఒకే సర్వసభ్య సమావేశంలో కూర్చుని ఒకే లెక్క వినాలి. నాయకుడు ఎంత గొప్పవాడైనా ఏడాదికొకసారి ఆ మనుషుల ముందు జమాఖర్చు చదవాలి. నాయకత్వం అన్నదాన్ని నేను ఇక్కడినుంచే కొలుస్తాను. తనను ప్రశ్నించే హక్కును తన చేతులతోనే ఇతరులకు రాసిచ్చిన మనిషి నాయకుడు.

ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. విశ్వనాథరెడ్డి కుమారుడు ప్రవీణ్‌రెడ్డి సంఘానికి అధ్యక్షుడయ్యారు, 2009లో హుస్నాబాద్ ఎమ్మెల్యేగానూ గెలిచారు. నాయకత్వం ఒకే ఇంట్లో కొనసాగితే అది సహకారమేనా అని ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. నాయకుడి ఇంటిపేరు చూసి దానికి జవాబు చెప్పలేం. సభ్యులు ఓటు వేస్తున్నారా, లెక్కలు చూస్తున్నారా, పంటను సంఘానికే తెస్తున్నారా అన్నది చూసి చెప్పాలి. రైతుకు వేరే అంగడి దొరికే ఈ రోజుల్లో అతను తన వడ్లను ఎటు తోలుకుపోతాడన్నది బ్యాలెట్ పెట్టె కంటే నిక్కచ్చిగా తీర్పు చెబుతుంది. 400 మందిలోపు సభ్యులతో మొదలైన సంఘం ఇప్పుడు 7 వేల మందికి పైగా సభ్యులతో నడుస్తోంది.

సర్కారు చెయ్యి, చట్టం మలుపు

గోర్వాలా కమిటీ చివరి సూచన దగ్గరికి వద్దాం. ప్రభుత్వం వాటా పెట్టిన చోట ప్రభుత్వ పెత్తనం కూడా వచ్చింది. ఎన్నికలు వాయిదా పడేవి. పాలకవర్గం స్థానంలో ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జి వచ్చేవాడు. ఎవరికి అప్పివ్వాలో ఊరి రాజకీయం చెప్పేది. 1990లో కేంద్రం పదివేల రూపాయల దాకా వ్యవసాయ రుణాల మాఫీ ప్రకటించింది. కష్టంలో ఉన్న రైతుకు అది ఊరటే. కానీ అప్పు తీర్చినవాడు తెలివితక్కువవాడన్న భావం పల్లెల్లో నాటుకోవడం కూడా అలాంటి నిర్ణయాలతోనే మొదలైంది. సొంత డబ్బు లేని సంఘానికి సొంత గొంతు ఉండదు.

ఈ ముడిని విప్పే చట్టం 1995లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, జనం నోట మ్యాక్స్ చట్టం. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిది. దీని కింద నమోదైన సంఘం ప్రభుత్వ వాటా ధనం తీసుకోకూడదు. అందుకు బదులుగా పాలకవర్గాన్ని తప్పించే అధికారం రిజిస్ట్రారుకు ఉండదు. ఎన్నికలూ ఆడిట్లూ సకాలంలో జరిపించే బాధ్యత డైరెక్టర్లదే, జరిపించకపోతే పదవికి అనర్హులయ్యేదీ వాళ్లే. సంఘం సేవలను కనీసంగానైనా వాడుకోని సభ్యుడికి ఓటు హక్కు ఉండదు. ఈ చట్టం కోసం ఏళ్లతరబడి పట్టుబట్టినవాళ్లలో హైదరాబాద్‌కు చెందిన కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ముందుంది. ఇక్కడివాళ్లు దాన్ని సహవికాస అంటారు. ముల్కనూరు సంఘం కూడా ఈ కొత్త చట్టం నీడలోకే మారింది.

పొదుపు నుంచి పాలదాకా

కథలో నాకు అన్నిటికంటే విలువైన ఘట్టం మహిళలది. రైతు సంఘంలో సభ్యత్వం భూమి పట్టా వెంట వచ్చేది, పట్టా ఎక్కువగా మగవాళ్ల పేరు మీద ఉండేది. 1990 తర్వాత సహవికాస తోడ్పాటుతో కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు మొదలయ్యాయి. నెలకు పదీ పరకా దాచుకోవడం, అందులోంచే అప్పు తీసుకోవడం, పుస్తకం రాయడం, మీటింగులో మాట్లాడటం. ఇదంతా కలిపి పదేళ్ల చదువు అయింది. ఊళ్లు కలిసి సమితులయ్యాయి, నిధి పెరిగింది. అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. దాచుకున్న డబ్బుతో బర్రెను కొన్నాక పాలు ఎవరికి పోయాలి, ధర ఎవరు చెబుతారు?

రైతులకు 1956లో ఎదురైన ప్రశ్నే మహిళలకు పాల రూపంలో ఎదురైంది. జవాబు కూడా పక్క గడపలోనే కళ్లముందు ఉంది. పొదుపు సంఘాల మహిళలు తమ సొంత డెయిరీ పెట్టుకున్నారు. 2002లో ముల్కనూరు మహిళా సహకార డెయిరీ పని మొదలుపెట్టింది. పాలకు స్వకృషి అని పేరు పెట్టుకున్నారు. సభ్యులూ మహిళలే, పాలకవర్గమూ మహిళలే. ఊళ్లో పాల కేంద్రం దగ్గర వెన్న శాతం చూసి ధర కడతారు. బిల్లు పాలు పోసిన మహిళ పేరు మీద వస్తుంది. ఏడాది చివర మిగిలిన లాభం పోసిన పాల లెక్కన బోనస్‌గా తిరిగి వస్తుంది. ఇప్పుడు సభ్యుల సంఖ్య 20 వేలు దాటింది.

పెద్ద డెయిరీల పోటీ మధ్య పాలు అమ్ముకోవడం అంటే సెంటిమెంటుతో జరిగే పని కాదు. పాలు రెండుపూటలా చేరాలి, చల్లబరచాలి, చెడకుండా పట్నం చేరాలి. పదో తరగతి దాటని మహిళలు మేనేజరును నియమించి, అతని పనితీరును అడిగి, బ్యాలెన్స్ షీటును చదివి ఆమోదించే స్థితికి వచ్చారు. వ్యాపారవేత్త అనే మాటకు ఈ ప్రాంతంలో ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనిపించదు.

కలిసినంత మాత్రాన చాలదు

సంఘం పెట్టుకుంటే చాలు, అన్నీ బాగవుతాయని చెప్పడం అబద్ధం. పాత ఆదిలాబాద్ జిల్లా నిర్మల్‌లో బొమ్మల కళాకారుల సహకార సంఘం కూడా 1950ల్లోనే ఏర్పడింది. వాళ్ల నైపుణ్యం గురించి రెండోమాట లేదు. కానీ బొమ్మకు ప్రాణమైన పునికి చెక్క అడవిలోంచి రావాలి, ఆ చెట్టు ఏటికేడు అరుదైపోతోంది. ముడిసరుకు చేతిలో లేని సంఘానికి ఎంత ఐక్యత ఉన్నా కష్టాలు తప్పవు. ముల్కనూరు రైతులు విత్తనం నుంచి అమ్మకం దాకా గొలుసులో ప్రతి లంకెనూ తమ చేతిలోకి తెచ్చుకోగలిగారు. ఈ తేడా అర్థం చేసుకోకుండా ముల్కనూరును మరోచోట నకలు చేయడం కుదరదు.

2016లో జిల్లాల విభజనతో ముల్కనూరు కరీంనగర్ నుంచి విడిపోయి వరంగల్ అర్బన్‌లోకి, అదే ఇప్పటి హనుమకొండ జిల్లాలోకి వెళ్లింది. పద్ధతి మాత్రం ఏ జిల్లాలోనైనా పనికొచ్చేదే. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టించే పథకం మొదలుపెట్టింది. ఉత్తర తెలంగాణలోనూ అలాంటి కంపెనీలు వచ్చాయి, వాటిని నడిపే ఉత్సాహవంతులైన యువకులున్నారు. వాళ్లకు ముల్కనూరు చెప్పేది ఒక వరస. ముందు సభ్యుల సొంత పైసలు, తర్వాత వాళ్ల వాడకం, దాని మీద వ్యాపారం, ఆపైన మిల్లులూ యంత్రాలూ. చాలాచోట్ల ఈ వరస తలకిందులైంది. ముందు రిజిస్ట్రేషన్, వెంటనే సబ్సిడీ, ఆపైన గోదాము, చివర్లో సభ్యుల వెతుకులాట.

విజయాన్ని టర్నోవరుతో కొలవడం తప్పని నేను అనను. మిల్లు నడవాలంటే డబ్బు కావాలి, జీతాలు కట్టాలి, నష్టం వస్తే భరించాలి. కానీ టర్నోవరు షావుకారుకూ ఉండేది. అతని దగ్గర లేనిది ఒకటే, లెక్క అడిగే హక్కున్న రైతు. మీ ఊళ్లో సంఘమో కంపెనీయో బాగుందని ఎవరైనా చెబితే దాని సర్వసభ్య సమావేశానికి ఒకసారి వెళ్లి కూర్చోండి. రెండెకరాల రైతు లేచి ఖర్చు పద్దు మీద ప్రశ్న వేస్తే, అధ్యక్షుడు కాగితం తిరగేసి జవాబు చెబితే, ఆ సంఘం పెట్టినవాళ్ల తర్వాత కూడా బతుకుతుంది.