ఉద్వాసన



చాలా కాలం తర్వాత టపా వ్రాస్తున్నాను. కూడలి, జల్లెడ వెలిగిన రోజులలో వారానికొకటి వ్రాసేవాణ్ణి. ఇప్పుడు కన్నూ వ్రేలూ రెండూ మొరాయిస్తున్నవి. అయినా ఈసారి వ్రాయక తప్పలేదు. కారణం ఒక ఫోను.

ఇరవై యేళ్ళ నాడు నా దగ్గర పదవ తరగతి చదివిన శిష్యుడొకడు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. పండుగలకు తప్పక పలకరిస్తాడు. ఈమారు పండుగ కాని రోజున ఫోను చేసి, "సార్, నన్ను లేఆఫ్ చేసిండ్రు" అన్నాడు. నేను వెంటనే "మళ్ళీ ఎప్పుడు పిలుస్తారు నాయనా?" అని అడిగాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "పిలిచేది ఉండదు సార్, అయిపోయింది" అన్నాడు. వీసా నిబంధన ప్రకారం అరవై రోజులలో మరో ఉద్యోగం వెతుక్కోవాలట.

నా ప్రశ్న తెలివితక్కువదే కావచ్చు గాని అర్థం లేనిది కాదు. నేను పని చేసింది ఒక మిల్లు ఉన్న ఊళ్ళో. అక్కడ "లేఆఫ్" అంటే పని పోవడం కాదు, పని ఆగడం. ఒకే మాట ఒక తరంలో ఆశనూ మరొక తరంలో అంతాన్నీ ఎట్లా సూచించింది? ఆ సంగతి తేల్చుకొందామనే ఈ వ్యాసం.

ముందుగా మన పత్రికలవారి మాట చూద్దాం. "వేయిమందికి ఉద్వాసన" అని శీర్షికలు పెడుతుంటారు. ఉద్వాసన అన్నది పూజా పరిభాష. ఆవాహనతో పిలిచిన దేవతను పూజానంతరం సాదరంగా సాగనంపడం ఉద్వాసన. నిఘంటువులలో వెళ్ళగొట్టుట అనే అర్థమూ లేకపోలేదు గాని, మన ఇళ్ళలో వినాయకుడికి ఉద్వాసన చెప్పేటప్పుడు మళ్ళీ రావయ్యా అనే ప్రార్థన కూడా ఉంటుంది. నైవేద్యం పెట్టి, నమస్కరించి, పీఠాన్ని మెల్లగా కదిలిస్తాము. ఉద్యోగిని తొలగించడానికి ఈ మాటను వాడుకలోకి తెచ్చినవారు ఎవరో గాని, అందులోని మర్యాదను మాత్రం గడప అవతలే విడిచిపెట్టారు.

చిత్రమేమిటంటే, మన దేశపు చట్టంలో ఆ మర్యాద కొంత ఉండింది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో మొదట లేఆఫ్‌కు నిర్వచనమే లేదు. 1953లో బట్టల మిల్లులలో సరుకు పేరుకుపోయి, పెద్దయెత్తున పని నిలిపివేస్తారన్న భయం కలిగినప్పుడు, ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి, పిమ్మట చట్టాన్ని సవరించారు. బొగ్గు, కరెంటు, ముడిసరుకు కొరవడినా, సరుకు పేరుకున్నా, యంత్రం చెడినా, పని ఇవ్వలేకపోవడమే లేఆఫ్. కార్మికుని పేరు మస్టర్ రోలులో ఉండాలి. అతణ్ణి తొలగించి ఉండకూడదు. ఏడాది సర్వీసు నిండినవానికి మూలవేతనంలోనూ కరవుభత్యంలోనూ సగం ఇవ్వాలి. అందుకు ప్రతిగా అతడు రోజుకు ఒక్కసారైనా నిర్ణీత వేళకు మిల్లుకు వచ్చి "నేనున్నాను" అని హాజరు చెప్పుకోవాలి. పని లేకున్నా గేటు దాకా నడిచి రావడం! ఇది కొందరికి అవమానంగా తోచవచ్చు. కాని ఆ నడకలోనే, నేను ఇంకా ఈ మిల్లు మనిషినే అన్న ధీమా ఉండేది.

నిజంగా తొలగించడాన్ని రిట్రెంచిమెంటు అన్నారు. దానికి నెల నోటీసు, పూర్తయిన ప్రతి సంవత్సరానికి పదిహేను రోజుల సగటు వేతనం. చివర చేరినవాణ్ణి ముందు పంపాలి. తిరిగి మనుషులను తీసుకొనేటప్పుడు మాత్రం తీసివేసినవారికే ముందు అవకాశం ఇవ్వాలి. మళ్ళీ రావయ్యా అన్న మాట అక్కడుంది చూడండి! ఇక లాకౌటు వేరు. అది యజమాని వేసే తాళం. 1994 జనవరిలో నెల్లిమర్ల జనపనార మిల్లు వివాదం పోలీసు కాల్పుల దాకా వెళ్ళి కార్మికులు ప్రాణాలు కోల్పోయిన సంగతి ఉత్తరాంధ్ర మిత్రులకు గుర్తుండే ఉంటుంది.

మూసివేతకు ప్రభుత్వపు ముందస్తు అనుమతి కావాలన్న నియమం 1976లో వచ్చింది. మొదట మూడువందలమంది ఉన్న కార్ఖానాలకు, 1982 సవరణతో వందమంది ఉన్నవాటికీ వర్తించింది. కాగితం మీద ఇది గట్టి కోటయే. కాని కోటకు దిడ్డితలుపు ఒకటి ఉంటుంది గదా! దాని పేరు "స్వచ్ఛంద పదవీ విరమణ". యజమాని తొలగిస్తే అనుమతి కావాలి. కార్మికుడే తనంతట తాను వెళ్ళిపోతానంటే ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రభుత్వ సంస్థలలో ఈ పథకం 1988 నుండి ఉంది. 1991 నూతన ఆర్థిక విధానం తర్వాత అది ఊపందుకొన్నది. 1992లో జాతీయ పునరుద్ధరణ నిధి ఏర్పడింది. పని కోల్పోయేవారికి కొత్త పనులు నేర్పడం దాని ఆశయాలలో ఒకటి. డబ్బు మాత్రం అధికభాగం విరమణ చెల్లింపులకే పోయింది. గుజరాతు పద్ధతి అని పేరుపడ్డ లెక్కలో, చేసిన ప్రతి యేడాదికి ముప్పయి అయిదు రోజుల వేతనం, మిగిలిన ప్రతి యేడాదికి ఇరవై అయిదు రోజుల వేతనం. దీనికే బంగారు కరచాలనమని ముద్దుపేరు.

ఈ కరచాలనం ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలంటే వరంగల్లు వెళ్ళాలి. ఆజంజాహి మిల్లు 1934లో ఏడవ నిజాం కాలంలో, ఆయన కుమారుని పేర వెలసింది. చుట్టూ పండే పత్తికి, ఓరుగల్లు నేతకు అది కేంద్రమైంది. మిల్లు సైరనుతో ఊరివారు గడియారాలు సరిచూసుకొనేవారని పెద్దలు చెప్పేవారు. 1974లో దేశంలోని ఖాయిలాపడ్డ మిల్లులు 103 జాతీయం చేసినప్పుడు అదీ జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చింది. జాతీయం చేయడమంటే కాపాడటమని అందరూ అనుకొన్నారు. కాని పాత మగ్గాలు పాతవిగానే ఉండిపోగా, మరమగ్గాల బట్ట చవకగా బజారుకు వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థలను కూడా ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు పంపవచ్చునని 1991లో చట్టాన్ని సవరించారు. చివరకు 2002లో మిల్లు మూతపడింది, భూములు చేతులు మారినవి. ఇళ్ళ స్థలాల కోసం పాత కార్మికులు ఏండ్ల తరబడి తిరిగారు. ఈనాడు మిల్లు లేదు. మిల్స్ కాలనీ అన్న పేరుంది, ఆ పేర ఒక పోలీసు స్టేషనుంది. రాజకీయ సభలకు మైదానమైంది. బట్ట నేసిన చోట మాటలు నేస్తున్నారన్నమాట.

రెండవ కథ బోధనుది. మంజీర మీద నిజాంసాగరు కట్టిన తర్వాత, ఆ నీటి చెరకు కోసం 1937లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. ఊరి ప్రక్కన శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. 2002లో సగానికి పైగా వాటా ప్రైవేటువారికి అప్పగించారు. 2015 డిసెంబరులో యాజమాన్యం బోధను, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడుచోట్లా "లేఆఫ్" ప్రకటించింది. మూసివేత అనలేదు, తొలగింపు అనలేదు, లేఆఫ్ అన్నారు. అంటే పేరు మస్టర్ రోలులో ఉన్నట్లే. గానుగ మాత్రం తిరగలేదు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునలు లిక్విడేషనుకు ఆదేశించింది. 2024లో కొత్త ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసింది. నా శిష్యుని నోట విన్న లేఆఫ్‌కూ 1953 నాటి లేఆఫ్‌కూ నడుమ, మాట అర్థం మారిన చోటు ఏదని అడిగితే, నేను బోధను గేటునే చూపిస్తాను. తాత్కాలికమన్న మాట శాశ్వతానికి ముసుగైంది అక్కడ.

అన్ని కథలూ ఇట్లాగే ముగుస్తాయనడం న్యాయం కాదు. కాగజ్‌నగర్‌లోని సిర్పూరు కాగితపు మిల్లు 2014లో ఆగిపోయి, దివాలా చట్టం క్రింద 2018లో కొత్త యజమాని చేతికి వచ్చి మళ్ళీ నడిచింది. అయితే ఆ నాలుగేళ్ళు కాగజ్‌నగర్‌లో బతికినవారికి తెలుసు, మిల్లు తిరిగి రావడం వేరు, మనిషి తిరిగి రావడం వేరు అని.

ఇక ఉన్నవారి సంగతి. 2020 జనవరి 31న బీఎస్‌ఎన్‌ఎల్ నుండి 78 వేలమందికి పైగా ఒక్కరోజే స్వచ్ఛంద విరమణ చేశారు. దాదాపు సగం సంస్థ. వెళ్ళినవారిని గూర్చి అందరూ వ్రాశారు. మర్నాడు కార్యాలయానికి వచ్చి ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్నవారిని గూర్చి వ్రాసినవారు తక్కువ. సంస్థలను "పునర్వ్యవస్థీకరించే" పెద్దలు మిగిలినవారి స్థైర్యం గురించి ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తుంటారు. స్థైర్యం ఉపన్యాసంతో రాదు. ప్రక్కవాణ్ణి ఎట్లా పంపారో చూసి వస్తుంది, లేదా పోతుంది. తన వంతు వచ్చినప్పుడు తననూ అట్లాగే పంపుతారని ప్రతివానికీ తెలుసు.

ఇప్పుడు నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఊరిపేరు, మిల్లుపేరు చెప్పను. మా మిల్లు మూతపడే రోజులలో ఒక సాయంత్రం ఈ శిష్యుని తండ్రి ఇంగ్లీషు కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "ఏం రాసిండ్రో చదివి చెప్పుండ్రి సార్" అన్నాడు. చదివాను. "నీ ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా వెళ్ళిపోతున్నానని వ్రాసి ఉన్నది" అని చెప్పాను. అతడు నవ్వి, "నా ఇష్టం ఎవలడిగిండ్రు సార్?" అన్నాడు. ఛందమంటే ఇష్టం, స్వచ్ఛందమంటే తన ఇష్టం అని తరగతిలో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! ఆరోజు ఆ మాటకు నాకు అర్థం తెలియలేదు. సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూపించాను. పెట్టవద్దని అనలేదు. అనవలసి ఉండెనా అని ఇప్పటికీ అనుకొంటాను. పెట్టకపోతే అతనికి ఏమి దక్కేదో నాకు తెలియదు.

వచ్చిన డబ్బు కూతురి పెండ్లికి కొంత, కిరాణా దుకాణానికి కొంత పోయింది. మిల్లు జీతాలు లేని ఊళ్ళో కిరాణా దుకాణంలో కొనేవారెవరు? రెండేళ్ళలో అదీ మూతపడింది. పిల్లవాడు రెండు నెలలు బడికి రాలేదు; లారీ ఆఫీసులో మూటలు లెక్కపెడుతున్నాడని తెలిసింది. అట్లా రానివారు మా బడిలో ఇంకా ఎందరో. హాజరుపట్టీలో పేర్లు కొట్టివేయమని పైనుండి మాట వచ్చింది. నేను కొట్టివేయలేదు. ప్రతి ఉదయం పేరు పిలిచేవాణ్ణి, బదులు రాకపోతే గైర్హాజరు వేసేవాణ్ణి. ఇది గొప్ప పని అనుకొని చేసింది కాదు; కొట్టివేయడానికి చేయి రాలేదు, అంతే. వారిలో నలుగురైదుగురు తిరిగి వచ్చారు. తక్కినవారు రాలేదు.

2022 చివరనుండి అమెరికా కంపెనీలు వేలమందిని తొలగిస్తున్నవి. 2023 జనవరిలోనే గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు అని ప్రకటించినవి. అక్కడ 1988 నాటి చట్టమొకటి పెద్దయెత్తు తొలగింపులకు అరవై రోజుల నోటీసు అడుగుతుంది. ఇక్కడ 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక సంహితలు అమలులోకి వచ్చాయి. మూసివేతకూ తొలగింపుకూ అనుమతి అవసరమయ్యే హద్దు వందనుండి మళ్ళీ మూడువందలకు పెరిగింది. తొలగించినవానికి కొత్త పని నేర్చుకోవడానికని పదిహేను రోజుల వేతనం విడిగా ఇవ్వాలని అందులో ఉంది. పదిహేను రోజులలో ఏ విద్య వస్తుందో నా వంటి బడిపంతులు చెప్పలేడు. అక్షరమాలకే మాకు ఒక ఏడాది పట్టేది.

పరిశ్రమలు మూతపడవద్దని నేననను. చెరకు లేని చోట గానుగ తిరగదు, కొనేవాడు లేని బట్ట నేయలేము. నేననేది ఒక్కటే. పంపేటప్పుడు ఆ మాటను ఆ మాటగా చెప్పండి. మూసివేతను లేఆఫ్ అనకండి, బలవంతాన్ని స్వచ్ఛందం అనకండి. మాట అబద్ధమైతే మనిషి ఎదురుచూపులో సంవత్సరాలు పోగొట్టుకొంటాడు. బోధనులో పోయినవి అవే.

శిష్యుడు ఫోను పెట్టేముందు, "నాన్నకు చెప్పకండి సార్, ఇంకో నౌకరి దొరికినంక నేనే చెప్త" అన్నాడు. మర్నాడు కూరగాయల అంగడిలో ఆయన కనిపించి, "పోరడు ఫోన్ చేసిండా సార్?" అని అడిగాడు. "చేసిండు, మంచిగున్నడు" అన్నాను.

మాటలు నిజంగా ఉండాలని పై పేరాలో వ్రాసిన వాణ్ణి నేనే. మీకు చెప్పుకోవాలనిపించింది.

మీ ఊళ్ళో మూతపడిన మిల్లులు, కార్ఖానాల జ్ఞాపకాలు ఉంటే వ్యాఖ్యలలో వ్రాయండి. పొరపాట్లు కనిపిస్తే చెప్పండి, దిద్దుకొంటాను.